కదలకుండా ఇరవై నిమిషాలు

"కదలొద్దన్నానా!" స్పీకర్లో టెక్నీషియన్ దేవకుమారి గొంతు ఖంగుమంది.

"కదల్లేదండీ!" గుండె బొమ్మ తీసే స్కానర్ సొరంగంలో వెల్లకిలా పడుకున్న రత్నరాజు మొత్తుకున్నాడు.

"మీరు కదల్లేదు. మీ గుండె గెంతులేస్తోంది. నూట నాలుగు! బొమ్మంతా మళ్లీ అలికేసినట్టొచ్చింది."

అలికేయక ఏం చేస్తుంది? వాళ్లు బొమ్మ తీయాల్సిన గుండె వాల్వు పావలా బిళ్లంత. దానికి పల్చటి రెక్కలు మూడు. గుండె ఒకే తీరుగా కొట్టుకుంటేనే మెషిన్ ఒక్కో దెబ్బకీ కాస్త కాస్త పోగేసి బొమ్మ కడుతుంది. డెట్రాయిట్ పక్కన ఈ హాస్పిటల్లో 1985 నుంచి రెండేళ్లుగా రీసెర్చర్‌గా అతను పడుతున్న పాట్లన్నీ ఆ మూడు రెక్కల కోసమే. ఇవాళ ఐదింటిలోగా బొమ్మ కాన్ఫరెన్స్‌కి పంపకపోతే ప్రాజెక్ట్ మూసేస్తానని బాస్ తేల్చేశాడు. స్కాన్‌కి రావాల్సిన వాలంటీర్ ఎగ్గొట్టాడు. చేసేది లేక తనే పడుకున్నాడు.

అసలు చిక్కు ఆమె గొంతే. అది వినబడితే చాలు, గుండె అతని మాట వినదు. పోనీ చెప్పేద్దామా అంటే ఆమె వేలికి ఎంగేజ్‌మెంట్ రింగ్! స్కానర్ అంటే పెద్ద అయస్కాంతం కాబట్టి, ఆ గదిలోకి వచ్చేముందు రోజూ దాన్ని తీసి ట్రేలో పెడుతుంది.

"ఛాతీ మీద వైర్ ఊడింది, ఉండండి," అంటూ ఆమె హడావిడిగా లోపలికొచ్చింది. రింగ్ తీయడం మరిచిపోయింది. వైర్ సర్దుతుంటే వదులుగా ఉన్న ఉంగరం వేలినుంచి జారి, టప్పున సొరంగం అంచుకు అతుక్కుంది.

ఇద్దరూ దాన్నే చూశారు.

"దేవకుమారి గారూ, బంగారం మాగ్నెట్‌కి అంటుకోదండీ."

ఆమె మొహం కందిపోయింది. "గిల్టుదండీ, లోపలంతా ఇనుమే. మాల్‌లో కొన్నా. చర్చిలో ఆంటీలు సంబంధాలంటూ ప్రాణం తీస్తుంటే..."

"మరి నాకు చెప్పలేదేం?"

"మీరు అడిగితే కదా! ఆరు నెలలుగా ఆ ట్రే వంక చూసి నిట్టూర్చడమే సరిపోయె మీకు!"

ఉంగరం పీక్కుని విసవిసా వెళ్లిపోయింది.

అయితే ఆమె చూస్తూనే ఉందన్నమాట! రత్నరాజుకి ఆరు నెలల ఆరాటం ఒక్కసారిగా దిగిపోయింది. కళ్లు మూసుకున్నాడు. ఇరవై నిమిషాలు మెషిన్ దడదడలాడింది. స్పీకర్ మాత్రం నోరు విప్పలేదు.

"డెబ్బై రెండు," అంది దేవకుమారి చివరికి. "మూడు రెక్కలూ వచ్చాయి, రాజు గారూ. ఒక్కొక్కటీ స్పష్టంగా."

రత్నరాజు కళ్లు తెరిచాడు.

"ఈ మాట చెప్పడానికి స్కాన్ అయ్యేదాకా కావాలనే ఆగాను. ఆదివారం మా చర్చికి రండి. వచ్చి మా అమ్మ పక్కన కూర్చోండి. ఆంటీలకి నేనిక ఆ రింగ్ చూపించక్కర్లేదు."

రత్నరాజు ఒక్కుదుటున లేవబోయాడు.

"నూట పద్దెనిమిది," అంది దేవకుమారి, నవ్వు ఆపుకుంటూ. "ఫరవాలేదు లెండి. ఇప్పుడు కొట్టుకోనివ్వండి."