మ్యాపులో లేని సమాధి

పొద్దున్నే జెల్ఫా మొక్కజొన్న రొట్టె దించుతుంటే, సర్వేయరు టోలివర్ వరండాలో సామాను సర్దుకుంటున్నాడు. రెండు నెలలు ఈ ఇంట్లోనే తిని, పడుకుని, లోయంతా కొలిచి మ్యాపు గీశాడు. ఏటికి ఆనకట్ట కడతారు. ఈ ఇల్లూ మునుగుతుంది.

"సమాధులేమైనా వదిలేశానా అమ్మా? మ్యాపులో ఉన్నవాటినే తవ్వి నీళ్లందని గట్టుమీదికి మారుస్తారు. లేనివి నీళ్లలోనే."

జెల్ఫా పెరటి వైపు చూసింది. ఆమె కూతురు ఐవీ పెరటి వెనక పొదల్లోనే ఉంది. పిల్ల పోయిన చలికాలం ఏరు పొంగి, చర్చికి మోసుకెళ్లే దారి లేక అక్కడే పూడ్చారు. రెండు నెలలుగా మావగారు హార్మన్ దారి చూపిస్తానంటూ ముందు నడిచి, సర్వేయరుని అటు పోనివ్వలేదు. కోడలినీ నోరెత్తొద్దన్నాడు. మొగుడు సరేసరి, తండ్రి మాటకి ఎదురు చెప్పడు. ఇటు కొండ, అటు కొండ, మధ్యలో మావగారి మాట. ఆమెకి ఊపిరాడటం లేదు.

కొట్టంలో ఉన్న మావగారి దగ్గరికెళ్లి అడిగేసింది. "ఐవీ సంగతి చెప్పేద్దాం మావయ్యా."

"బొగ్గు కంపెనీ వాళ్లూ ఇలాగే గీసుకుపోయారు. తర్వాత కొండ మనది కాదన్నారు. కాగితమెక్కిందేదీ మనకి మిగల్లేదు. పో, పని చూసుకో."

"నీళ్లకి కాగితంతో పనేముంది? పిల్ల ఎక్కడుంటే అక్కడికే వస్తాయి." ఆమె గుమ్మంలోంచి కదల్లేదు. "తలంటితేనే భయపడి మీ మెడ పట్టుకుని వేలాడేది. దాన్ని ఏటి అడుగున వదిలేస్తారా?"

హార్మన్ చేస్తున్న పని ఆపేశాడు.

"గొయ్యి తవ్వింది నేనే. మళ్లీ తవ్వుతుంటే ఎలా చూడమంటావే?"

ఆయనకీ ఈ బాధలోంచి బయటపడే దారి లేదని జెల్ఫాకి అప్పుడే తెలిసింది. ఇన్నాళ్లూ మొండితనమనుకుంది. ఆయన చెయ్యి పట్టుకుంది.

హార్మన్ కొడవలి తీసుకుని బయటికొచ్చాడు. "ఒకటి దాచాను బాబూ, పద" అని టోలివర్‌తో చెప్పి, తనే పొదలు నరుక్కుంటూ నడిచాడు. టోలివర్ కొలిచి, మ్యాపు మీద చిన్న శిలువ గుర్తు పెట్టాడు.

"పేరు రాయవా?"

"సమాధులకి పేర్లు రాయం పెద్దాయనా. గుర్తు మాత్రమే."

"సరే. తవ్వే రోజు ముందుగా కబురు పెట్టు." ముసలాయన కళ్లు తుడుచుకోలేదు. "నాలుగేళ్ల పిల్ల. బండీ గిండీ వద్దు. గట్టుదాకా నేనే ఎత్తుకెళ్తాను."