జ్వరం తాగిన పచ్చ

“ఈ పచ్చని ఎవరు ముట్టుకున్నారు?”

నాన్న కేకకు దుకాణంలోని గాజు పెట్టెలు కూడా అదిరినట్టయింది. ఆయన చేతిలో ఉంగరం. దానిలోని పచ్చరాయి నిన్న లేతాకులా మెరిసింది. ఇవాళ దాని కడుపులో సాలెగూడు అల్లినట్టు తెల్లటి గీతలు!

“ఉంగరం గలావిడ గంటలో వస్తుంది. అది వాళ్లమ్మ గుర్తు. ఏ ముఖం పెట్టుకుని ఇవ్వను?”

మెరుగు పెట్టే బాబాయి తెల్లబోయాడు. “నేను రాయి జోలికే పోలేదన్నా. బంగారానికి మెరుగు పెట్టి పెట్టెలో పెట్టానంతే.”

“కడిగే మిషన్‌లో వేసుంటావు. పచ్చని అందులో వెయ్యొద్దని ఎన్నిసార్లు చెప్పాను?”

“ఒట్టు! వెయ్యలేదు.”

“మరి దానంతటదే పాడైందా? రేపట్నుంచి నువ్వు రావద్దు.”

తలుపు చాటు నుంచి ఆయన కూతురు పిచ్చుక తొంగి చూసింది. గలగలా వాగుతుందని ఆ పిల్లకు అందరూ పెట్టిన పేరది.

అంతా అయోమయంగా ఉంది. నిన్నటి నుంచి తమ్ముడికి జ్వరం. “పూర్వం రాణులు కళ్లు మండితే పచ్చని చూస్తూ కూర్చునేవారట. జ్వరమొస్తే పచ్చ వేసిన నీళ్లు తాగేవారట,” అని నానమ్మ ఎప్పుడో కథ చెప్పింది. అందుకే పొద్దున్న పిచ్చుక ఎవరూ చూడకుండా పెట్టెలోని ఉంగరాన్ని తీసి పొగలు కక్కే వేణ్ణీళ్లలో వేసింది. తర్వాత దాన్ని గబగబా పెట్టెలో పెట్టేసింది. ఆ నీళ్లు చల్లారాక తమ్ముడికి ఇస్తే ఒక్క గుక్క తాగి, “ఛీ, చక్కెరే లేదు!” అన్నాడు.

కానీ మధ్యాహ్నానికి వాడి జ్వరం దిగింది! డాక్టరు మందు కూడా వేశారు మరి. ఏది పనిచేసింది? పోనీ, జ్వరం రాయిలోకి దూరిందా? అందుకే రాయి ఇలా అయిందా?

“నాన్నా, జ్వరం రాయిలోకి వెళ్తుందా?”

“ఏంటా పిచ్చి ప్రశ్న? జ్వరం మందుకి తగ్గుతుంది.” నాన్న విసుక్కున్నాడు. “పచ్చకి పుట్టుకతోనే సన్నటి పగుళ్లుంటాయి. అవి కనబడకుండా నూనె పట్టిస్తారు. వేడి తగిలితే నూనె పోయి పగుళ్లు బయటపడతాయి. ఈయనగారి మిషన్ చేసిన ఘనకార్యం అదే. మళ్లీ నూనె పట్టించాలంటే ఎన్ని రోజులో!”

వేడి!

దెబ్బ కొట్టలేదు, కింద పడెయ్యలేదు. వేణ్ణీళ్లు కూడా రాయిని పాడుచేస్తాయా? మంచి చేద్దామనుకుంటే చెడు ఎలా అయింది?

బాబాయి ఏప్రన్ విప్పి కొక్కేనికి తగిలించాడు. “సరేలే అన్నా, నీ మాటే కానీ.” తల దించుకుని తలుపు వైపు నడిచాడు.

పిచ్చుక బుర్రలో చిక్కుముడి ఇంకా విడలేదు. కాళ్లు మాత్రం కదిలాయి. పరుగున వెళ్లి బాబాయి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

“బాబాయి కాదు నాన్నా! ఉంగరాన్ని వేణ్ణీళ్లలో వేసింది నేను.”