రెండు గీతల సిగ్నల్

"ఈ ఫోన్ వల్ల నా ఉద్యోగం ఊడేలా ఉంది. ఊడితే వచ్చి మీ షాపు ముందే కూర్చుంటాను, చెప్తున్నా!"

ఫోన్‌ని కౌంటర్ మీద పెట్టిన ఆ అమ్మాయి చేతులకి గ్రీజు, నడుముకి స్పానర్ల బెల్టు. మా వీధిలోని లిఫ్టులన్నింటికీ ఆమే మెకానిక్. ఎవరైనా ఇరుక్కుంటే లోపల స్టిక్కర్ మీదున్న ఆమె నంబర్‌కే ఫోన్ చేయాలి. ఆమేమో రోజంతా ఏదో ఒక లిఫ్టు గోతిలో ఉంటుంది. అక్కడ ఫోన్ మోగదు. ఇప్పటికే రెండు కాల్స్ మిస్సయ్యాయట. మూడోది కూడా మిస్సయితే స్పానర్లు లాక్కుని ఇంటికి పంపేస్తారట.

సెట్టింగ్స్ తెరిచి చూశాను. నెట్‌వర్క్ '5జీ మాత్రమే' అని ఉంది.

"ఇలా ఎవరు పెట్టారండీ?"

"మీరే. కొన్నరోజు. 'రాకెట్‌లా ఉంటుంది మేడమ్' అని కూడా అన్నారు."

నాలుక కరుచుకున్నాను. ఆ రోజు హెల్మెట్ తీయలేదేమో, లేకపోతే ఈ ముఖాన్ని నేను మర్చిపోవడమా!

"ఇలా ఆటో మోడ్‌లో పెడితే గోతిలోకి దిగినప్పుడు అక్కడ అందే నెట్‌వర్క్‌కి అదే మారిపోతుంది. అర నిమిషం పని."

"ఎలా చేశారు? నన్ను చేయనివ్వండి."

మార్చింది, చెడగొట్టింది, మళ్ళీ మార్చింది. మూడుసార్లు తనే చేసి చూసుకుంటే గాని ఫోన్ జేబులో పెట్టుకోలేదు. ఆ పట్టుదల చూసి నాకు భలే ముచ్చటేసింది.

షాపు ఓనరు మా బాబాయే. ఆమె వెళ్ళగానే అందుకున్నాడు. "అన్నీ నేర్పేస్తే కస్టమర్ మళ్ళీ ఎందుకొస్తార్రా?"

నిజంగానే రాలేదు. మూడు వారాలు!

ఒక్కసారి ఎదురు బిల్డింగ్‌లో కనబడింది. లిఫ్టులో ఇరుక్కున్న ఒక మామ్మగారితో తలుపు సందులోంచి కబుర్లు చెబుతూనే పని పూర్తి చేసింది. మామ్మగారు నవ్వుతూ బయటికొచ్చారు. వానలో తడుస్తూ అదంతా చూసిన నేను మాత్రం జలుబుతో ఇంటికెళ్ళాను.

ఆ తర్వాత రెండు రోజులకి చార్జర్ల పెట్టెతో పైన గోడౌన్‌కి వెళ్తుంటే మూడో అంతస్తు దాటగానే లిఫ్టు ఆగిపోయింది. ఫోన్ తీస్తే సిగ్నల్ సున్నా. అందరికీ నీతులు చెప్పే నా ఫోన్ కూడా '5జీ మాత్రమే'!

ఆటోలో పెట్టాను. కాసేపటికి రెండు గీతలు వచ్చాయి. స్టిక్కర్ మీది నంబర్ నొక్కాను. మొదటి రింగుకే ఎత్తింది.

"లిఫ్ట్ సర్వీస్. ఎంతమంది ఉన్నారు? భయపడకండి."

"ఒక్కడినే. ఫోన్ షాపు..."

"అక్కడ మీకు సిగ్నల్ ఎలా వచ్చింది?"

"ఇప్పుడే ఆటోలో పెట్టాను."

"మరి ఇంతదాకా?"

"రాకెట్."

ఆమె పకపకా నవ్వింది. పావుగంటలో ఆ గొంతు తలుపు అవతల వినిపించింది.

"తలుపు ముట్టుకోకుండా కింద కూర్చోండి. మాట్లాడుతూ ఉంటే భయం తగ్గుతుంది."

"ఏం మాట్లాడాలి?"

"ఏదైనా నిజం చెప్పండి."

ఎదురుగా లేదు కాబట్టి ధైర్యం వచ్చింది. "ఆ సెట్టింగ్ మీకు నేర్పినందుకు మూడు వారాలుగా నన్ను నేనే తిట్టుకుంటున్నానండీ. మిమ్మల్ని చూడాలనిపిస్తోంది. రోజూ."

స్పానర్ చప్పుడు ఆగింది.

"నేను మూడుసార్లు మీ షాపు దాకా వచ్చాను," అంది మెల్లగా. "కావాలనే సెట్టింగ్ చెడగొట్టుకుని. మీ గుమ్మం దగ్గరికి రాగానే, ఈలోపు ఎవరైనా ఇరుక్కుని ఫోన్ చేస్తే ఎలా అని భయమేసేది. మళ్ళీ సరిచేసుకుని వెళ్ళిపోయేదాన్ని."

వచ్చినందుకు ఎంత మురిసిపోయానో, వెనక్కి వెళ్ళినందుకు అంతకు రెట్టింపు ప్రేమించాను. ఇలాంటి మనిషి ఇంకెక్కడ దొరుకుతుంది?

"ఒరేయ్!" మెట్ల మీంచి బాబాయి కేక. "అంతా వినబడుతోంది. పిన్నితో నన్ను చెప్పమంటావా, నువ్వే చెప్తావా?"

తలుపు తెరుచుకుంది. చేయి అందించబోయి, గ్రీజు చూసుకుని వెనక్కి తీసుకుంది. నేను వదల్లేదు, పట్టుకునే పైకెక్కాను.

"నా ఫోన్‌లో ఇంకో సిమ్‌కి చోటుందా?" అంది, ఎటో చూస్తూ.

"ఉంది. ఖాళీగానే ఉంది."

"అయితే ఒకటి వేయండి. ఈ నంబర్‌కి ఇరుక్కున్నవాళ్ళందరూ చేస్తారు."

"మరి దానికి?"

"మీరొక్కరే. ఇరుక్కోకపోయినా చేయొచ్చు."