ఎవరూ అడగని బౌండరీ

ఆయన స్నానం చేసి హాల్లోకి వచ్చేసరికి టీవీలో క్రికెట్ పోయి వాతావరణ వార్తలు వచ్చాయి. భార్య రిమోట్ పక్కన పెట్టి, ఈసారి ఎండలు ముదురుతాయట అంది. కూతురు బుద్ధిగా తల ఊపింది. వాతావరణం మీద ఆ ఇంట్లో ఎవరికీ అంత ఆసక్తి లేదని ఆయనకు తెలుసు.

దేశం తరఫున ఆయన ఆడింది ఒక్కటే మ్యాచ్. అందులోనూ రెండే బంతులు. రెండోదానికి వికెట్లు ఎగిరిపోయాయి, మళ్ళీ పిలుపు రాలేదు. తర్వాత కరెంటాఫీసులో ఉద్యోగం, పెళ్ళి. పుండు మీద కారం చల్లడం ఎందుకని భార్య మొదటినుంచీ ఆట మాట ఎత్తలేదు. పోనుపోను అదే ఇంటి ఆచారమైంది. చుట్టాలొస్తే గుమ్మంలోనే హెచ్చరిక అందేది. ఆయనేమో, నా ఓటమికి వీళ్ళు సిగ్గుపడుతున్నారు కాబోలు అనుకుని నోరు మెదిపేవాడు కాదు. నిండా ప్రేమ ఉన్న ఇంట్లో మనిషి ఒంటరివాడైపోయాడు.

ఎండ అన్నారు కదా అని గొడుగు కోసం మంచం కింద చెయ్యి పెడితే ప్యాడ్లు తగిలాయి. పక్కనే బ్యాటు, కూతురి చేతికి సరిపోయే గ్లవ్స్. ఇవేమిటని అడిగితే తల్లీకూతుళ్ళు మొహమొహాలు చూసుకున్నారు. కాలేజీ జట్టులో ఏడాదిగా ఆడుతోందట. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు సాగింది వ్యవహారం. ఆ మధ్యాహ్నమే రాష్ట్ర జట్టుకు ఎంపికలు జరగబోతున్నాయట.

"నాకెందుకు చెప్పలేదు?"

"మీరు బాధపడతారని," అంది భార్య.

"ఓడిన బాధ ఎప్పుడో తీరిపోయిందే. ఇంట్లో ఒక్కళ్ళు కూడా ఒక్కసారీ అడగలేదు చూడు, అదే నన్ను తినేస్తోంది."

ఆమెకు కళ్ళనీళ్ళు ఆగలేదు. "ఏమని అడగనండీ? ఎలా అవుటయ్యారనా?"

"అది ఊరంతా అడిగింది. మొదటి బంతికి ఫోర్ కొట్టాను. దాని సంగతి ఇంతవరకూ అడిగినవాళ్ళు లేరు."

కూతురు బ్యాటు తీసి ఆయన చేతిలో పెట్టి, ఎదురుగా నేలమీద కూర్చుంది.

"బంతి ఎక్కడ పడింది నాన్నా?"

ఆయన గొంతు సవరించుకున్నాడు. చెప్పాల్సిన మాటలన్నీ ఏళ్ళుగా లోపల పేర్చుకునే ఉన్నాడు. తీరా అడిగేసరికి ఒక్కటీ బయటికి రాలేదు. తొందరేం లేదు, మెల్లగా చెప్పండి అంటూ భార్య కూడా వచ్చి కూతురి పక్కన కూర్చుంది.

ఆయనకు ఏడుపొచ్చేసింది. ఏడుస్తూనే బ్యాటు పట్టుకుని, ఆ ఫోర్ కొట్టినప్పటిలాగే ఎడమకాలు ముందుకు వేసి చూపించాడు.