మంచం చెప్పిన బరువు

"నిజం చెప్పండి. మీ అక్కగారి నోట్లో ఏం పెట్టారు?"

ఆసుపత్రి గదిలోకి వస్తూనే కొత్త డైటీషియన్ అడిగిన మొదటి మాట అది. తమ్ముడికి తల కొట్టేసినట్టయింది. అతను లిఫ్ట్ మెకానిక్. స్కూటర్ మీంచి పడి తలకు దెబ్బ తగిలిన అక్క పక్కన రోజూ సాయంత్రం వచ్చి కూర్చుంటాడు. ఆమెకింకా మింగడం రాదు, మాట లేదు. ముక్కులోంచి పొట్టలోకి వెళ్లే సన్నటి ట్యూబే ఆమెకు అన్నం పెట్టే చెయ్యి.

"నేనేం పెట్టలేదండీ."

"పెట్టకపోతే ఒక్కసారిగా ఇంత బరువెలా పెరిగారు? నోట్లో పెడితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ప్రాణం మీదికొస్తుంది."

"తెలుసండీ. అందుకే ఈ గదిలో నేను చూయింగ్ గమ్ కూడా నమలను."

ఆమె నమ్మలేదు. మంచానికే బరువు చూపించే మీటరుంది. దాని బటన్ మళ్లీ నొక్కింది. అతను అలవాటుగా రెండు మోచేతులూ పరుపు మీద ఆన్చి, అక్క ముఖంలోకి వంగాడు. డైటీషియన్ అంకె వైపు చూసింది. తర్వాత మోచేతుల వైపు, అతని చొక్కా మీదున్న లిఫ్ట్ కంపెనీ పేరు వైపు చూసింది.

"లిఫ్టులో బరువెక్కువైతే ఏమవుతుందండీ?"

"గంట మోగు..." అతను నాలుక కరుచుకుని చేతులు వెనక్కి లాక్కున్నాడు.

అంకె జర్రున కిందికి జారింది. అక్క పెరగలేదు సరికదా, కాస్త తగ్గింది.

"ఇవాళ ట్యూబులో ఎక్కించే ఫీడ్ తగ్గించమని రాయబోయాను," అంది ఆమె. గొంతులో కోపం పోయి భయం మిగిలింది. "మిమ్మల్ని అనవసరంగా అనేశాను. సారీ."

ఆ రోజే ఫీడ్ పెంచారు. బరువు పెరిగి ఒంట్లో శక్తి వస్తేగానీ మింగడం నేర్పించడం మొదలుపెట్టలేమని డాక్టరు ముందే చెప్పారు. అప్పట్నుంచి బరువు చూసినప్పుడల్లా డైటీషియన్ "చేతులు పైకి" అనేది. అతను దొరికిపోయిన దొంగలా గోడకి ఆనుకుని చేతులెత్తేవాడు. అది చూసి అక్క కళ్లు నవ్వేవి.

ఒక సాయంత్రం కిటికీ మీద వాన దంచి కొడుతోంది. సంచీలోంచి ఫీడ్ చుక్క చుక్కగా దిగుతోంది.

"ఇలా చూడండి," అంటూ డైటీషియన్ అక్క వేలు పట్టుకుంది. గోరు మొదట్లో లేత గులాబీ రంగులో కొత్త గోరు. ఆపరేషన్‌కి గొరిగిన తల మీద నల్లటి నూగు.

"ఇవన్నీ ఈ చుక్కలేనా?" అన్నాడతను.

"ఇవే. నేను లెక్కలు వేస్తాను, అంతే. వీటిని జుట్టుగా, గోరుగా మార్చుకునేది మీ అక్కగారే. రోజూ చూస్తున్నా నాకింకా ఆశ్చర్యమే."

అతను ఆ చుక్కల వైపు, అక్క వైపు, చివరికి ఆమె వైపు చూశాడు. అక్కడే చూపు ఆగిపోయింది. పాపం, తిప్పుకోవడం మర్చిపోయాడు.

తర్వాత బరువు చూసిన రోజు అంకె బాగా పైకి ఎగిరింది. ఆమె కనుబొమ్మలు ముడిపడ్డాయి.

"మళ్లీనా? చేతులు తీయండి."

"చూడండి, పైనే ఉన్నాయి," అన్నాడు గోడ దగ్గర్నుంచి.

"మరి ఈ బరువు ఎవరిది?"

"తనది."

గొంతు బొంగురుగా, గాలిలా వచ్చింది. ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. అక్క పెదాలు ఇంకా కదులుతున్నాయి. కళ్లు మాత్రం పరుపు మీదున్న డైటీషియన్ చేతి మీదున్నాయి. అతన్నే చూస్తూ, ఆ చేతి మీద బరువంతా మోపి నిలబడిన సంగతి ఆ అమ్మాయికే తెలియలేదు.

ఎన్నాళ్లకో విన్న గొంతది. అతను ఎత్తిన చేతులతోనే ఏడ్చేశాడు. డైటీషియన్ చెయ్యి తీసి, తడికళ్లతో అంకె చూసింది. తగ్గింది గానీ, పోయినసారి కంటే ఎక్కువే.

"నిజంగానే పెరిగారు. మింగడం మొదలుపెట్టొచ్చని డాక్టర్‌గారికి చెబుతాను."

"బరువు చూడ్డం అయిపోయిందిగా," అన్నాడతను మెల్లగా. "ఆ చెయ్యి మళ్లీ అక్కడే పెట్టండి. ఎప్పటికీ తీయకపోయినా మాకిష్టమే."

ఆమె సిగ్గుపడి అక్క వైపు చూసింది. అక్క ఊపిరి కూడదీసుకుని రెండో మాట పలికింది.

"పెట్టమ్మా."