జేబులో డి డ్రైవ్

ఏ కంప్యూటర్ మొరాయించినా ఐదు నిమిషాల్లో దారికి తెస్తాడని ఆఫీసులో సునీల్‌కుమార్‌కి పేరుంది. ఆ పేరు మోసుకు తిరిగింది ఎక్కువగా సునీల్‌కుమారే.

శుక్రవారం సాయంత్రం సమీర తన లాప్‌టాప్ తెచ్చి అతని బల్ల మీద పెట్టింది. ఆమె హైదరాబాద్ నుంచి ఈ సాల్ట్ లేక్ ఆఫీసుకి వచ్చి మూడు నెలలైంది. ఆమె ఎదురుపడితే చాలు, కంప్యూటర్ల సంగతి తప్ప సునీల్ నోట మరో మాట వచ్చేది కాదు.

"సునీల్ దా, సి డ్రైవ్ నిండిపోయింది. ఏదీ సేవ్ కావట్లేదు. సోమవారం క్లయింట్ ముందు నా మొదటి ప్రెజెంటేషన్. తేడా వస్తే ప్రాజెక్టులోంచి తీసేస్తారు."

ఆఫీసంతా అతన్ని 'దా' అనే పిలుస్తుంది. ఈ బెంగాలీల ఊళ్ళో అదొక గౌరవం. ఈ అమ్మాయి కూడా అన్నయ్యని చేసేస్తుంటే మాత్రం అతని ప్రాణం ఉసూరుమనేది.

"ఐదు నిమిషాలండీ! డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ ఫోల్డర్లు డి డ్రైవ్‌కి మార్చేస్తే సరి."

"దీన్లో డి డ్రైవ్ లేదుగా?"

"నేనున్నాగా!" అంటూ తన సొంత హార్డ్ డిస్క్ తీసి తగిలించాడు. "సోమవారం కొత్తది ఇప్పిస్తా. అందాకా ఇదే మీ డి డ్రైవ్."

ఫోల్డర్లన్నీ బుద్ధిగా డిస్క్‌లోకి చేరాయి. "మీరు జీనియస్!" అని సమీర నవ్వింది. ఆ నవ్వుకి జీనియస్ బుర్ర కాస్తా పనిచెయ్యడం మానేసింది. ఆఫీసు బస్సు హారన్ వినగానే, రోజూ ఉన్న అలవాటు కొద్దీ డిస్క్ పీకి జేబులో వేసుకుని, ఈల వేసుకుంటూ వాట్‌గంజ్‌లోని ఇంటికి వెళ్ళిపోయాడు.

శనివారం పొద్దున్నే ఫోన్.

"డెస్క్‌టాప్ మీద వాల్‌పేపర్ తప్ప ఏమీ లేదు! నా ప్రెజెంటేషన్ ఏది?"

"రీస్టార్ట్ చేశారా అండీ?"

అంటూనే దేవుడి గూటి వైపు చూశాడు. అమ్మ అప్పలకొండమ్మ చొక్కా ఉతకబోతూ జేబులో దొరికిన డిస్క్‌ని అక్కడ పెట్టి, కుంకుమ బొట్టు కూడా అద్దింది.

"అదీ... నా దగ్గరుందండీ."

"నా ఫైళ్ళు, నా ఫొటోలు, అన్నీ ఇంటికి పట్టుకుపోయారా? కావాలనే చేశారు కదూ!"

"అయ్యో, లేదండీ! ఇప్పుడే తెస్తా."

"అక్కర్లేదు. నేనే వస్తున్నా. అడ్రస్ చెప్పండి."

వానలో క్యాబ్ సందులోకి రానంది. సమీర లాప్‌టాప్‌ని గుండెకి హత్తుకుని, గొడుగు గాలికి వదిలేసి, మడమల దాకా నీళ్ళలో నడిచి వచ్చింది.

"నువ్వేనేటమ్మా సమీరవి? తడిసిపోనావు, లోపలికి రా," అంది అప్పలకొండమ్మ తువ్వాలు అందిస్తూ.

"నా పేరు మీకెలా తెలుసు?"

"మూడు నెల్ల నుంచీ ఈడికి అదే పాటమ్మా!"

భూమి చీలితే బాగుండుననుకున్నాడు సునీల్. వాట్‌గంజ్‌లో వానొస్తే నీళ్ళు నిలుస్తాయి గానీ భూమి చీలదు. ఇక దాచడానికేం మిగల్లేదు.

"ఒక్క ఫొటో కూడా తెరవలేదండీ. కావాలని చెయ్యలేదు. మీరు నవ్వారు, నేను అన్నీ మర్చిపోయాను. మీరంటే నాకు చాలా ఇష్టం. తెలివితక్కువ పని చేశాను, తిట్టండి."

సమీర తిట్టలేదు. డిస్క్ తగిలించింది. డెస్క్‌టాప్ నిండా ఫైళ్ళు వచ్చేశాయి. ప్రెజెంటేషన్ తెరిచి చివరిదాకా చూసుకుని, గట్టిగా ఊపిరి పీల్చుకుంది. తర్వాత డిస్క్ మీది బొట్టు చూసి పకపకా నవ్వింది.

"మీ ఫైళ్ళు మళ్ళీ సి డ్రైవ్‌కి మార్చెయ్యనా అండీ?"

"అక్కడ చోటు లేదుగా. సోమవారం దాటాక నీ దగ్గరే ఉండనీ. రోజూ పొద్దున్నే తెచ్చిపెట్టు, సునీల్."

"అమ్మో, అది చాలా రిస్కండీ! నేను లీవ్ పెడితే మీకు ఫైళ్ళుండవు. కొత్త డిస్క్ ఆర్డర్ పెట్టి, బ్యాకప్ కూడా..."

అప్పలకొండమ్మ వెనకనుంచి నెత్తిమీద ఒక్కటిచ్చింది. "ఒరే ఎర్రి సన్నాసీ! ఆ పిల్ల ఏటంటందో ఇనబడలేదేట్రా?"

సునీల్ సమీర మాటల్ని మళ్ళీ మొదట్నుంచీ గుర్తు చేసుకున్నాడు. 'మీరు' లేదు. 'దా' కూడా లేదు.

సరిగ్గా ఐదు నిమిషాలు పట్టింది, ఆ జీనియస్‌కి.