కుండీలో మర్రి

తైవాన్‌లోని తైనాన్ ఊళ్లో మర్రిచెట్టును ఇంట్లోకి తెచ్చుకున్నవాళ్లను జనం అదోలా చూస్తారు. దారినపోయే దెయ్యాలన్నీ దాని నీడలోనే మకాం పెడతాయట. అందుకే షూఫెన్ వాళ్ల ముందుగది మూలకు అంత చెడ్డపేరు. కింది అంతస్తు గావ్ పిన్నయితే చెప్పులు కూడా విప్పకుండా, గుమ్మంలోనే నిలబడి రెండు మాటలు చెప్పి జారుకునేది.

ఆ కుండీ మర్రి షూఫెన్ నాన్న పెంచింది. ఆయన పోయాక, పుట్టిల్లు కూడా అమ్మేశాక, ఆయన గుర్తుగా ఆమెకు మిగిలింది అదొక్కటే. కిటికీ పక్కన పెట్టింది. ఆకాకునూ తడిగుడ్డతో తుడిచింది. పైమట్టి ఆరితే తప్ప నీళ్లు పోయలేదు. అయినా ఆకులు పసుపెక్కి రాలుతూనే ఉన్నాయి. అది కూడా చచ్చిపోతే నాన్న రెండోసారి పోయినట్టేనని ఆమె భయం.

అంతలో కంపు మొదలైంది... మామూలు కంపు కాదు. చచ్చిన ఎలుకను తడిగుడ్డలో చుట్టి దాచినట్టు. గొంతులోకి దిగి అక్కడే తిష్ఠ వేసేది. అన్నం నోట్లో పెట్టుకున్నా అదే వాసన. ఆ దరిద్రాన్ని అవతల పారేయమని అత్త పగలల్లా సణిగేది. షూఫెన్ వినలేదు.

ఒక రాత్రి దాహమేసి లేచింది. ముందుగదిలో చీకటి. మూలనుంచి — పచ్... పచ్... ఎవరో తడిమట్టిని వేళ్లతో కెలుకుతున్న చప్పుడు.

తొంగి చూసింది. కుండీ ముందు ఒక ఆకారం... గొంతుక్కూర్చుని, తల వంచుకుని, గుసగుసలాడుతోంది.

"తినండి అన్నయ్యగారూ... పిల్ల జోలికి మాత్రం రాకండి."

అత్త గొంతు!

షూఫెన్ లైటు వేసింది. అత్త పక్కన గిన్నె. దాన్నిండా సాయంత్రం పాలచేపలు శుభ్రం చేసినప్పుడు తీసిన పేగులు. ముసలామె మోచేతుల దాకా మట్టి, జిగురు, నెత్తురు. వియ్యంకుడి దెయ్యానికి కడుపు నింపితే కోడలిని వదిలేస్తుందని ఆమె నమ్మకం. ఎన్నాళ్లనుంచో ఇదే పని.

షూఫెన్‌కు ఏడుపూ వాంతీ ఒక్కసారే వచ్చాయి. ముక్కు మూసుకుని కుండీలోకి వంగింది. చెట్టు వేళ్లు నల్లగా కుళ్లిపోయాయి. వాటి మధ్య మట్టి కదులుతోంది — తెల్లగా, లావుగా, ఒకదాని మీదొకటి పాకుతూ... పురుగులు.

చూపు సరిగా ఆనని అత్త మాత్రం తృప్తిగా చేతులు దులుపుకుంది.

"ఎంత పెట్టినా తెల్లారేసరికి మిగల్చరమ్మా, మీ నాన్న."